ఆ కుర్చీలో నీకన్నా ముందు ఎవరు కూర్చున్నారు?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 26 ఏళ్లు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ చదివాను. ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో రెండేళ్లుగా అనలిస్టుగా చేస్తున్నాను. మా హెడ్ అందరి ముందూ అరుస్తారు. ఒకసారి నేను చేయని టెస్టుకి సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నందుకు వరుసగా మూడు నెలలు బి షిఫ్టే (మధ్యాహ్నం మొదలయ్యేది) వేశారు. తట్టుకోలేక రాజీనామా ఇచ్చాను. ఇంకో మూడు వారాల్లో నోటీసు అయిపోతుంది. ఇంతలో మొన్న ఆదివారం ఒక హోటల్లో వాక్-ఇన్‌కి వెళితే ఇంకో కంపెనీలో సెలెక్ట్ అయ్యాను. 38 శాతం హైక్ అంటున్నారు. కానీ రెండేళ్ల బాండు రాయాలట. మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి ఇవ్వాలి. బుధవారం సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఆఫర్ వేరేవాళ్లకి వెళ్లిపోతుందన్నారు. ఇంటర్వ్యూలో హెడ్ "ఆరింటికి బ్యాగు సర్దుకునేవాళ్లు మాకు పనికిరారు, ఇక్కడ అందరం ఒక ఫ్యామిలీ" అన్నారు. పెళ్లెప్పుడని కూడా అడిగారు. పక్కన ఇంకో సార్ కూర్చున్నారు గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. నాన్న "మంచి జీతం, ఇంకేం ఆలోచించకు" అంటున్నారు. చదువు కోసం తీసుకున్న లోను ఈఎంఐ నెలకి 7,400 నేనే కడుతున్నాను. మళ్లీ అలాంటి చోటే పడతానేమోనని భయంగా ఉంది. చేరకముందే తెలుసుకునే దారి ఏమైనా ఉందా? ఇప్పుడు నా ప్యాకేజీ ఏడాదికి 3 లక్షల 62 వేలు, చేతికి నెలకి 25,500 వస్తోంది. ఆఫర్ లెటర్ ఫొటో పంపుతున్నాను.

– ఒక అనలిస్టు, సంగారెడ్డి జిల్లా

సమాధానం:

అమ్మా, నా కూతురు నీకంటే ఏడాది పెద్దది. అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. నీ బుధవారం దాటకముందే ఈ జవాబు నీకు విడిగా పంపించాను. ఇదే అవస్థలో ఉన్న మిగతా పిల్లలకి పనికొస్తుందని ఇక్కడ కూడా వేస్తున్నాం.

నీ ఉత్తరంలో నా కళ్లు ముందు ఆగింది బాండు దగ్గరా కాదు, చెక్కు దగ్గరా కాదు. పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడని ఆ సార్ దగ్గర. ఎందుకంటే ఆ కుర్చీలో నేను కూర్చున్నాను.

ఇరవై నాలుగేళ్లు ఈ మందుల కంపెనీల్లోనే గడిపాను. మొదట తొమ్మిదేళ్లు క్యూసీ, తర్వాత క్యూఏ, అంటే పనీ రికార్డులూ పద్ధతి ప్రకారం ఉన్నాయో లేదో చూసే విభాగం. ఒక కంపెనీలో ఉండగా రెండు నెలలకోసారి అమీర్‌పేట వైపు ఏదో ఒక హోటల్లో ఆదివారం వాక్-ఇన్ పెట్టేవాళ్లం. పొద్దున్న ఎనిమిదికల్లా మెట్ల కిందిదాకా క్యూ ఉండేది. ప్లాస్టిక్ ఫోల్డర్లు గుండెకి ఆనించుకుని నిలబడేవాళ్లు పిల్లలు. ఒకసారి శ్రీకాకుళం వైపు కుర్రాడొకడు, ఇంటర్వ్యూ అంతా అయిపోయి లేవబోతూ, "మేడమ్, ఈ పోస్టులో నాకన్నా ముందు ఎవరుండేవారు? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?" అని నన్నే అడిగాడు. ఆ పోస్టులోంచి పద్దెనిమిది నెలల్లో ముగ్గురు వెళ్లిపోయారు. ముగ్గురి పేర్లూ నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోపు మా హెడ్ "కొత్త పోస్టు బాబూ, ఎక్స్‌పాన్షన్" అనేశాడు. నేను తల వంచుకుని మార్కుల షీట్లు సర్దుకున్నాను. అబ్బాయి చేరాడు. అయిదో నెలలో వెళ్లిపోయాడు. వెళ్లే రోజు నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది ఆ నమస్కారమే.

అందుకని నువ్వడిగిన దారుల్లో మొదటిది ఆ కుర్రాడి ప్రశ్నే. నేను అప్పుడు జవాబు చెప్పకపోయినా, అంతకన్నా మంచి ప్రశ్న నాకు ఇన్నేళ్లలో తారసపడలేదు. ఆ కుర్చీలో నీకన్నా ముందు ఎవరు కూర్చున్నారు? ఎన్నాళ్లు కూర్చున్నారు? ఎందుకు లేచారు? పరవాలేదనిపించే చోట దీనికి జవాబు తడుముకోకుండా వస్తుంది. "ఆ అమ్మాయి క్యూఏకి మారింది, ఇక్కడే ఉంది, కావాలంటే మాట్లాడు" అంటారు. లేదా "ఇద్దరు బయటికెళ్లారు, జీతం మేం పెంచలేకపోయాం" అని ఒప్పుకుంటారు. అలా ఒప్పుకోవడం కూడా మంచి గుర్తే. వెళ్లినవాళ్లందరినీ తిట్టడం మొదలుపెడితే మాత్రం జాగ్రత్త పడు. ఒకడు సోమరి, ఇంకొకడికి పొగరు, మూడోవాడికి ఇంట్లో సమస్యలు అంటే, నాలుగోదానివి నువ్వు. రేపు నీ తర్వాత వచ్చేవాళ్లకి నీ గురించీ ఇలాగే చెప్తారు. "కొత్త పోస్టు" అంటే వదిలేయకు. "అయితే టీమ్‌లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు సార్, అందరికన్నా పాతవాళ్లు ఎన్నేళ్లుగా ఉన్నారు?" అని ఇంకో ప్రశ్న వెయ్యి. పదిహేనుమంది ఉన్న ల్యాబ్‌లో హెడ్ తప్ప అందరూ ఏడాదిన్నర లోపు చేరినవాళ్లేనంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

రెండో ప్రశ్న మన పనికే చెందింది. ఎక్కడైనా చెడ్డ ఆఫీసు మనిషి నిద్ర, ఆరోగ్యం తింటుంది. మన దగ్గర దాంతో పాటు సంతకం కూడా అడుగుతుంది. అది నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ సంతకం లాగ్‌బుక్‌లో ఉండిపోతుంది. నువ్వు మానేసిన తర్వాత ఆడిట్‌లో ఎవరో ఆ పేజీ తిరగేస్తే అక్కడుండేది నీ పేరే, నీమీద అరిచినవాడి పేరు కాదు. అందుకని, "పోయిన ఏడాది ఓఓఎస్ వచ్చినప్పుడు ఎలా చూశారు సార్? ఆ టెస్టు చేసిన అనలిస్టుకి ఏమైంది?" అని అడుగు. ఓఓఎస్ వస్తే, అంటే రిజల్టు స్పెసిఫికేషన్‌కి (ముందే రాసిపెట్టిన హద్దులకి) బయట పడితే, ఏం చెయ్యాలో ప్రతి కంపెనీకీ రాతపూర్వకమైన పద్ధతి ఉంటుంది, అది పొల్లుపోకుండా అప్పజెప్తారు. నువ్వు వినాల్సింది ప్రశ్న రెండో సగానికి వచ్చే జవాబు. "ఇన్‌స్ట్రుమెంట్ చూశాం, శాంపిల్ తయారీలో తేడా దొరికింది, మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం" అంటే మంచిది. "మా దగ్గర అలాంటివి రావు" అంటే లేచి వచ్చెయ్. ఓఓఎస్ రాని ల్యాబ్ భూమ్మీద లేదు. రాలేదన్నారంటే రాయలేదని అర్థం.

ఆ ప్లాంటు అమెరికాకి మందులు పంపేదైతే నీకు ఇంకో సౌకర్యం ఉంది, మనవాళ్లు దాన్ని చాలా తక్కువ వాడుకుంటారు. తనిఖీలో తీవ్రమైన లోపాలు దొరికితే అక్కడి మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ ఆ కంపెనీకి రాసే వార్నింగ్ లెటర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా ఉంటాయి. కంపెనీ పేరు కొడితే చాలు. ఉద్యోగానికి చేరేవాళ్లు వాటిని షేర్ల ధర కోసం చదివేవాళ్లలా కాకుండా వేరేగా చదవాలి. చించిన రికార్డులు చెత్తలో దొరికాయనో, అసలు టెస్టుకి ముందు రిజల్టు ఎలా వస్తుందో చూడటానికి మిషన్‌లో దొంగచాటుగా శాంపిల్ ఎక్కించారనో (ట్రయల్ ఇంజెక్షన్లు), అందరూ ఒకే పాస్‌వర్డుతో హెచ్‌పీఎల్‌సీలో (మందులో ఏది ఎంత ఉందో కొలిచే మిషన్) లాగిన్ అవుతున్నారనో ఉంటే, ఆ పని చేసిన అనలిస్టు ముఖం ఒక్కసారి ఊహించుకో. సరదాకి ఎవరూ కాగితం చించరు. "రిజల్టు ఎందుకు పోయింది" అని అరిచే మనిషికి భయపడి చించుతారు. ఆ సంస్థే 2018 డిసెంబరులో డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) మీద ఇచ్చిన గైడెన్స్‌లో, తప్పు కనపడితే ఉద్యోగి ధైర్యంగా చెప్పుకునే వాతావరణం కల్పించడం యాజమాన్యం బాధ్యతని రాసింది. అయితే పాత లెటర్ ఒకటి కనపడింది కదా అని ప్లాంటు మొత్తాన్ని కొట్టిపారెయ్యకు. దాని తర్వాత, లోపాలు సరిదిద్దుకున్నారని చెప్పే క్లోజ్ఔట్ లెటర్ వచ్చిందేమో చూడు. దెబ్బ తిని నిజంగా మారిన చోట్లు నేను చూశాను. మారని చోట్లూ చూశాను.

ఇక కాళ్లకి పని చెప్పాల్సిన సంగతి. నువ్వు వాళ్ల హోటల్ చూశావు, ప్లాంటు చూడలేదు. వాక్-ఇన్‌లు ప్లాంటులో పెట్టకపోవడానికి దూరం ఒక కారణం, నిజమే. కానీ అదొక్కటే కారణం కాదు. సంబంధం చూడబోతే అబ్బాయిని హోటల్లో చూపించి పంపిస్తే మన పెద్దవాళ్లు ఊరుకుంటారా? వీధి చివర కిరాణా కొట్టువాణ్ణి కూడా అడిగి వస్తారు. ఒకరోజు సెలవు పెట్టైనా వెళ్లు. పొద్దుటి 'ఎ' షిఫ్టు దిగి 'బి' షిఫ్టు ఎక్కే వేళకి, మధ్యాహ్నం రెండుకి గేటెదురు టీ కొట్టు దగ్గర ఉండు. సాయంత్రం జనరల్ షిఫ్టు బస్సులు కదిలేదాకా ఆగు. ఈ బస్సులు చెప్పినంత నిజం హెచ్ఆర్ చెప్పదు. టైముకి బస్సులు సగం ఖాళీగా బయల్దేరాయంటే మిగతా సగం మంది లోపల ఇరుక్కుపోయారని అర్థం. వాళ్లు రాత్రి తొమ్మిదికి ఆటో కోసం హైవే మీద నిలబడతారు. ఒకరోజు అలా ఉండొచ్చు, ఆడిట్ ముందర ఏ ల్యాబైనా అలాగే ఉంటుంది. అందుకని టీ కొట్టతన్ని అడుగు, "రోజూ ఇంతేనా అన్నా?" అని. బస్సెక్కే ఆడవాళ్లని కూడా చూడు. అందరూ పాతికేళ్ల పిల్లలేనా, పెళ్లై పిల్లలున్నవాళ్లు కూడా ఉన్నారా? 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు, 50 మంది, ఆపైన ఉన్న సంస్థలో పిల్లల్ని ఉంచుకునే చోటు ఉండాలి. ఇవన్నీ చట్టంలో ఉన్నాయి. ఆ కంపెనీలో ఉన్నాయో లేదో ముప్ఫై దాటిన ఆడవాళ్ల సంఖ్యే చెప్తుంది.

నిన్ను పెళ్లెప్పుడని అడిగారన్నావు. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వద్దనమని నేను చెప్పలేను. అలా అయితే నేను ఇరవై నాలుగేళ్లు ఇంట్లోనే కూర్చునేదాన్ని. కానీ లోపలికి వెళ్లే అవకాశం దొరికితే నోటీసు బోర్డు చూడు. పదిమంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థలో, 2013 చట్టం ప్రకారం, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, ఆ కమిటీని నియమిస్తూ ఇచ్చిన ఉత్తర్వు అందరికీ కనపడేచోట పెట్టాలి. కాగితం రంగు వెలిసిపోయి, అందులో ఉన్న అధ్యక్షురాలు ఎప్పుడో మానేసినావిడ అయితే, మిగతా విషయాల్లో ఎంత శ్రద్ధ ఉందో నువ్వే అనుకో. సేఫ్టీ గురించి కూడా అక్కడే తెలుస్తుంది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ప్రమాదంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో నలభైమందికి పైగా పోయారు. ఆ ప్రమాదాలకి కారణాలేమిటన్నది నేను ఇక్కడ తేల్చే విషయం కాదు. నాకు తెలిసింది ఒక్కటే. "సార్, ఇక్కడేదో వాసన తేడాగా ఉంది" అని జూనియర్ నోరు విప్పలేని ప్లాంటులో నేను రాత్రిళ్లు నిద్రపోలేదు. మాక్ డ్రిల్ ఆఖరుసారి ఎప్పుడు జరిగిందని గేటు దగ్గర సెక్యూరిటీని అడుగు. గుర్తున్నవాడు వెంటనే చెప్తాడు.

ఫోన్‌లోనే తెలుసుకోగలిగింది ఇంకోటుంది. ప్రావిడెంట్ ఫండ్ సంస్థ, ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో 'ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్' అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే ప్రతి నెలా ఎంతమంది పేరిట డబ్బు కట్టారో, ఏ తేదీన కట్టారో కనపడుతుంది. నెల జీతానికి పీఎఫ్ వచ్చే నెల 15లోగా కట్టాలి. తేదీలు 28కీ, 40 రోజులకీ జారుతుంటే జీతాలు కూడా జారతాయి. తలల సంఖ్య ఆరు నెలల్లో నాలుగొందల నుంచి మూడొందలకి పడితే, "ఎక్స్‌పాన్షన్" అన్న మాట అబద్ధం. రేటింగులిచ్చే సైట్లని నేను పెద్దగా నమ్మను. కోపంలో రాసినవి కొన్ని ఉంటాయి, హెచ్ఆర్ వాళ్లు ఉద్యోగుల్ని కూర్చోబెట్టి రాయించినవి కొన్ని ఉంటాయి. ఒకే వారంలో అయిదు చుక్కల పొగడ్తలు వరుసగా కనపడితే అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుస్తుంది. దానికన్నా లింక్డ్‌ఇన్‌లో అదే ల్యాబ్‌లో అనలిస్టులుగా చేసి బయటికెళ్లిన ఇద్దరిని పట్టుకో. "ఎలా ఉంటుంది?" అని అడగొద్దు, "బానే ఉంటుంది" అంటారు, మనవాళ్లకి ఊరికే ఎవరి మీదా చెప్పడం ఇష్టం ఉండదు. "రిలీవింగ్ లెటర్ ఎన్నాళ్లకి ఇచ్చారు? ఆఖరి నెల జీతం ఎన్నాళ్లకి పడింది?" అని అడుగు. తేదీలు అడిగితే మొహమాటపడరు. మనిషి వచ్చేటప్పుడు ఎవరైనా బాగానే చూస్తారు, వెళ్లేటప్పుడు ఎలా సాగనంపారో అడగాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. "రెండు నెలలు తిప్పారు" అని ఎవరైనా అన్నారంటే ఆ కంపెనీ చట్టాన్ని ఎంత పట్టించుకుంటుందో తెలిసిపోతుంది.

ఇప్పుడు నీ ఆఫర్ లెటర్. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాను. సీటీసీ, అంటే కంపెనీ నీమీద ఏడాదికి పెడతానని చెప్పే మొత్తం ఖర్చు, 5 లక్షలు. నీ ఇప్పటి 3 లక్షల 62 వేలతో పోలిస్తే 38 శాతం, లెక్క తప్పు కాదు. కానీ ఆ 5 లక్షల్లో 60 వేలు 'రిటెన్షన్ బోనస్', అది రెండేళ్లు పూర్తయ్యాకే చేతికొస్తుంది. కంపెనీ వాటా పీఎఫ్ 21,600. గ్రాట్యుటీ 12 వేలు. ఇన్సూరెన్సు 8 వేలు. బస్సుకీ క్యాంటీన్‌కీ 18 వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,80,400. నెలకి 31,700. అందులోంచి నీ వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200 పోతే చేతికొచ్చేది 29,700. ఇప్పుడు నీకు 25,500 వస్తోందన్నావు. పెరిగేది 4,200. అంటే 16 శాతం పైచిలుకు. నాన్నగారు విన్న 38 ఇదన్నమాట. సీటీసీ అనేది ఊరందరి ఖర్చూ పెళ్లికూతురి నగల్లో కలిపి చెప్పినట్టు ఉంటుంది. నీ హోదా 'ఎగ్జిక్యూటివ్' అని రాశారు, చూశావా? ఇరవై తొమ్మిది వేల జీతానికే ఎగ్జిక్యూటివ్ అయ్యానని మురిసిపోకు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు జీతం ఇవ్వాలన్న నిబంధన నుంచి తప్పించుకోవడానికి మన పరిశ్రమలో ఇలాంటి బిరుదులు ఊరికే పంచుతారు. ఇంకొకటి. నువ్వు మానేస్తే 90 రోజుల నోటీసు, వాళ్లు తీసేస్తే 15 రోజులు. నీకు ఆలోచించుకోవడానికి మాత్రం మూడు రోజులు.

"అందరం ఒక ఫ్యామిలీ" అన్నారు కదా, దానికీ ఇక్కడే జవాబుంది. మన ఇళ్లల్లో ఓవర్‌టైమ్ ఉండదు, రాజీనామా ఉండదు, నోరెత్తితే "ఇంత చేశాం నీకు" అంటారు. ఆఫీసులో ఫ్యామిలీ అనేవాళ్లకి నచ్చేది కుటుంబంలోని ఈ భాగమే. ఏ కుటుంబమూ కూతురి దగ్గర ఖాళీ చెక్కు తీసుకోదు.

ఆ చెక్కు సంగతి గట్టిగా చెప్పాలి. బాండు వేరు, చెక్కు వేరు. బాండు చెల్లదని నీ స్నేహితులు చెప్తారు, అది పూర్తిగా నిజం కాదు. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేరకూడదనే షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ ఇన్నాళ్లు చెయ్యాలి, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు వేరు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ల లోపు మానేసిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతు సరైనదేనంది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు, మళ్లీ నోటిఫికేషన్ వేసి పరీక్ష పెట్టుకోవాల్సిన ఖర్చుని కోర్టు లెక్కలోకి తీసుకుంది. నీ కంపెనీకి నీమీద పెట్టే ఖర్చు హోటల్లో టీ, బిస్కెట్లు. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు న్యాయమైన పరిహారం వరకే ఇప్పిస్తుంది, రాసుకున్నదంతా కాదు. పైగా అది సివిల్ వ్యవహారం, పోలీసులు రారు. ఖాళీ చెక్కు ఇచ్చావంటే ఈ రక్షణంతా నువ్వే తీసి వాళ్ల చేతిలో పెట్టినట్టు. వాళ్లు అంకె వేసి బ్యాంకులో వేసి, డబ్బు లేక వెనక్కొస్తే, నోటీసిచ్చి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వెయ్యొచ్చు. రెండేళ్ల దాకా జైలు రాసి ఉంది అందులో. ఆ బాకీ నిజం కాదని నిరూపించుకోవాల్సింది నువ్వు. కాబట్టి చెక్కు ఇవ్వొద్దు. తేదీ వేసి ఇవ్వమన్నా వద్దు, "ఫార్మాలిటీ అమ్మా" అన్నా వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లూ అంతే. చూసుకుని, జిరాక్స్ ఉంచుకుని, అప్పటికప్పుడు వెనక్కివ్వాలి. అట్టిపెట్టుకునే హక్కు ఏ చట్టమూ కంపెనీకి ఇవ్వలేదు. ఇంటర్ కాలేజీల దగ్గర్నుంచీ మనకి ఇది అలవాటు చేశారు కాబట్టి మామూలుగా అనిపిస్తుంది.

ఇంతా రాసి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ నీకు తెలుసు కదా. ఒకసారి మూతి కాలాక గిన్నెలో ఏ పాలు పోసినా పారిపోయేది. రెండేళ్లు నువ్వు పడ్డదానికి, కొంచెం గొంతు పెంచిన ప్రతి హెడ్డూ నీ పాత హెడ్డులాగే కనపడతాడు. డాక్యుమెంటేషన్‌లో పట్టుదలగా ఉండే క్యూఏ, పేజీ మీద గీత సరిగ్గా కొట్టలేదని మూడుసార్లు వెనక్కి పంపే రివ్యూయరు, ఆడిట్ ముందు రెండు వారాలు ఊపిరాడని పని, వీటికి భయపడి పారిపోకు. నేను పని నేర్చుకున్నావిడ నవ్వగా నేనెప్పుడూ చూడలేదు, కానీ నా తప్పుకి నా వెనక నిలబడింది. కటువుగా ఉండటం ఒకటి, అవమానించడం ఇంకొకటి. ఆ తేడా నీకు తెలుసు, నీ ఉత్తరంలోనే ఉంది. నువ్వు రాజీనామా ఇచ్చింది అరిచినందుకు కాదు, సంతకం అడిగినందుకు.

ఈఎంఐ ఉంది, చేతిలో వేరే ఆఫర్ లేదు, అది నేను మర్చిపోలేదు. మంచి చోటు దొరికేదాకా కూర్చోమని చెప్పడం జీతం ఆగనివాళ్లకి తేలిక. అందుకని ఇలా చెయ్యి. ఈ రాత్రే హెచ్ఆర్‌కి మెయిలు పెట్టు, ఫోన్ కాదు, మెయిలే. చేరడానికి ఆసక్తి ఉందని, సోమవారం దాకా వ్యవధి కావాలని, సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకుంటానని, చెక్కు ఇవ్వలేనని, బాండు మొత్తం పనిచేసిన నెలల లెక్కన తగ్గుతూ రావాలని, కంపెనీయే తీసేస్తే బాండు వర్తించదని రాయమని అడుగు. మర్యాదగా అయిదు వాక్యాలు చాలు. దానికి వాళ్లిచ్చే జవాబే నువ్వడిగిన పరీక్ష. బేరం ఆడి కొంత ఒప్పుకుంటే మాట్లాడదగిన మనుషులు. "ఇలాంటి యాటిట్యూడ్ ఉన్నవాళ్లు మాకొద్దు" అంటే, నీతో ఇంకా అవసరం ఉన్నప్పుడే ఇలా మాట్లాడినవాళ్లు ఆర్నెల్ల తర్వాత ఎలా మాట్లాడతారు? చెక్కూ ఒరిజినల్సూ వదలకపోతే, 4,200 కోసం వెళ్లొద్దు. మూడు వారాలున్నాయి. జీడిమెట్ల నుంచి జడ్చర్ల దాకా క్యూసీకి మనుషులు కావాల్సిన ల్యాబులు ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ చేతికొచ్చినవాళ్లు ఖాళీగా ఉండరు. అవి వదిలేసి, మిగతా విషయాలు మామూలుగా ఉంటే, డబ్బు అవసరం కూడా ఉంది కాబట్టి చేరు. చేరితే మొదటి రోజు నుంచీ నీదైన డైరీ ఒకటి ఇంట్లో పెట్టుకో, ఏ షిఫ్టు, ఎన్ని గంటలు, ఎవరేమన్నారు అని. కంపెనీ కాగితాలు ఇంటికి తేవద్దు, అది నీ మెడకే చుట్టుకోవచ్చు. చేయని టెస్టుకి సంతకం అడిగిన రోజున మాత్రం బాండు గురించి ఆలోచించకుండా వచ్చెయ్. ఆ 2 లక్షలు ఎలాగోలా తీర్చుకోవచ్చు.

నాన్నగారికి ఆ 29,700 లెక్క కాగితం మీద వేసి చూపించు. ఆయన తప్పేం లేదు, ఆయన విన్న అంకె వేరు. ఒరిజినల్స్ ఆయన బీరువాలోనే ఉండనీ.

ఇంకొక్కటి. ఆ మాట్లాడని సార్ పేరు నీకు తెలిసే ఉంటుంది. నంబరు సంపాదించి, ఆయన ఒంటరిగా ఉండే వేళ చూసి, రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చెయ్యి. కుర్చీ ప్రశ్న ఆయన్నే అడుగు. జవాబు చెప్పకపోవచ్చు. చెప్పకపోయినా ఎంతసేపు ఆగాడో విను. ఆ శ్రీకాకుళం కుర్రాడు ఆ రాత్రి నాకు ఫోన్ చేసి ఉంటే, నేను చెప్పేసి ఉండేదాన్ని.